సరిహద్దు సీమ సంతలు: అగళి నుంచి ధర్మవరం దాకా

మడకశిర, అగళి, రొళ్ళ, అమరాపురం, గుడిబండ మండలాల నేల కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. పడమట శిరా, దక్షిణాన మధుగిరి కర్ణాటక తాలూకాలు. ఉత్తరాన ఉన్న పావగడ కూడా కర్ణాటకదే, కానీ దాన్ని దాదాపు చుట్టూ కమ్ముకుని ఉన్నది ఆంధ్ర నేల. ఇలాంటి చోట సంతకు వచ్చేవారంతా ఒకే భాషవారు, ఒకే ఏలుబడివారు కావడం ఏ కాలంలోనూ జరగలేదు. కన్నడంలో ధర అడిగితే తెలుగులో జవాబు వస్తుంది, బేరం మాత్రం ఆగదు.

పొరుగు సీమ నుంచి వచ్చే కొత్తవాళ్ళను చేర్చుకుంటూ పెరగడమే పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతపు అంగళ్ళ ముఖ్య లక్షణం. కొత్త సంతలో కాలుపెట్టినవాడికి ఎప్పుడూ మూడు సందేహాలుంటాయి. తన చేతిలోని నాణెం ఇక్కడ చెల్లుతుందా? ఇక్కడి తూకం నమ్మదగిందేనా? చెప్పిన ధర న్యాయమైనదేనా? వెయ్యేళ్ళకు పైబడిన ఈ సీమ వర్తక చరిత్రను ఈ మూడు ప్రశ్నల వెంట నడిచి చూడడమే సులువు.

అమరాపురం మండలంలోని హేమావతి ఒకనాటి హెంజేరు, నొళంబ రాజుల రాజధాని. నొళంబుల కాలం నుంచీ ఈ ఎగువ భూముల మీదుగా వర్తక శ్రేణులు నడిచేవి. వాటిలో పేరుమోసింది అయ్యావొళె అయినూరువర సంఘం. ఐహొళెను మూలస్థానంగా చెప్పుకున్న ఈ వర్తకులు గాడిదల మీద, దున్నల మీద సరుకు వేసుకుని దక్షిణాపథమంతా తిరిగారు. వీరికి తమ కట్టుబాట్లు, తమ కాపలా మనుషులు ఉండేవారు. ఊరు కొత్తదైనా సంఘం పాతది గనక వర్తకుడు ఒంటరివాడయ్యేవాడు కాదు. కన్నడ సీమ శాసనాల్లో పట్టణస్వామి అనే వర్తక పెద్ద కనిపిస్తాడు. సంత పెట్టించడం, అంగళ్ళవారిని రప్పించడం, సుంకం వసూలు చూడడం అతని పనులు, అందుకు ప్రతిఫలంగా మాన్యం దక్కేది. వచ్చి స్థిరపడేవారికి తొలి కొన్నేళ్ళు పన్ను మినహాయింపు ఇచ్చే పద్ధతి విజయనగర కాలంలో బాగా కనబడుతుంది. సంత దానంతట అది ఏర్పడుతుందని చాలామంది అనుకుంటారు. శాసనాలు చెప్పేది వేరు. పెట్టుబడి పెట్టి, రాయితీలిచ్చి, మనుషులను పిలిచి సంతను నిలబెట్టేవారు.

పెనుకొండ విజయనగర రాజ్యానికి తొలి నుంచీ ముఖ్యమైన దుర్గం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. 1592లో అది చంద్రగిరికి తరలేదాకా రాజ్యం నడిచింది ఈ కొండ కింది నుంచే. రాజధాని వస్తే దాని వెంట గుర్రాల బేరగాళ్ళు, నగల పనివాళ్ళు, పట్టు అమ్మేవాళ్ళు, ధాన్యపు వర్తకులు రావలసిందే. పెనుకొండ అంగళ్ళను కళ్ళకు కట్టినట్టు రాసిపెట్టిన యాత్రికుడు లేకపోవడం పెద్ద లోటు. అయితే 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ రాతల నుంచి ఆ కాలపు అంగడి తీరు తెలుస్తుంది. రోజూ సాయంత్రం జరిగే సంతలో మామూలు గుర్రాలు, నిమ్మ, నారింజ, ద్రాక్ష, కూరగాయలు, కట్టెలు అమ్మేవారని, ఒక పేటలో శుక్రవారం సంత జరిగేదని అతను రాశాడు. పడమటి తీరం నుంచి వేలకొద్దీ పెరిక ఎద్దులు సరుకు మోసుకొచ్చేవనీ, ఇరవై ముప్పై ఎద్దులకు ఒక మనిషి చొప్పున తోలుకొచ్చేవాడనీ కూడా అతనే చెప్పాడు.

అదే కాలానికి చెందిన లేపాక్షి వీరభద్రాలయం హిందూపురానికి దగ్గరలోనే ఉంది. అచ్యుతదేవరాయల నాడు విరూపణ్ణ కట్టించిన ఈ గుడి పైకప్పు చిత్రాల్లో స్త్రీ పురుషులు కట్టుకున్న బట్టల మీది గళ్ళు, చారలు, అంచులు ఇప్పటికీ కనిపిస్తాయి. పదహారో శతాబ్దపు అంగట్లో ఎలాంటి బట్ట దొరికేదో తెలుసుకోవడానికి ఈ సీమలో ఇంతకు మించిన ఆధారం లేదు. ధర్మవరం చీరల మీద లేపాక్షి నమూనాలు నేయడం ఇటీవలి కాలంలోనూ సాగుతోంది.

ఆ రోజుల్లో నాణెం సంగతి చూసేవాడు షరాబు. వరహాలు, హణాలు ఒక్కో రాజ్యంలో ఒక్కో బరువుతో, ఒక్కో మేలిమితో ముద్రించేవారు. మైసూరు వైపు కంఠీరాయి హణాల లెక్క, మద్రాసు వైపు స్టార్ పగోడా లెక్క. సరిహద్దు సంతలో రెండూ చేతులు మారేవి. షరాబు నాణేన్ని గీటురాయి మీద గీసి, తూచి, వట్టం తగ్గించుకుని మార్పిడి చేసేవాడు. అతని మాటే సంతకు ప్రమాణం. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలు వంద పగోడాలకు మూడువందల యాభై రూపాయల చొప్పున రూపాయిలోకి మారాయి. 1835లో ఈస్టిండియా కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. కొత్తవాడి మొదటి సందేహం తీరడానికి ఇంత కాలం పట్టింది.

పెనుకొండ రాజధాని హోదా పోయాక వర్తకం పడమటికి జరిగింది. అగళికి పడమటి పొరుగున ఉన్న శిరా 1687 నుంచి మొఘలుల సుబాకు కేంద్రం. నవాబు దిలావర్ ఖాన్ హయాంలో అది పెద్ద నగరంగా వెలిగింది. తర్వాత మరాఠాల, మైసూరు సేనల నడుమ నలిగింది. శ్రీరంగపట్టణం దగ్గర కట్టిన గంజాం పేటను నింపడానికి శిరా నుంచి 12,000 కుటుంబాలను టిప్పు సుల్తాన్ తరలించాడు. సంతకు మనుషులను రాయితీలతో రప్పించే పాత పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. బలవంతంగా తెచ్చిపెట్టిన పేట ఎక్కువ కాలం నిలవదు. 1799లో టిప్పు చనిపోయాక గంజాం కూడా వెలవెలబోయింది. 1800లో ఈ దారిన మధుగిరి, శిరాలు చూసిన కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ పాడుబడిన పేటలతో పాటు మళ్ళీ ఊపిరి పోసుకుంటున్న వారసంతలనూ నమోదు చేశాడు. తుమకూరు పక్కనున్న గుబ్బి సంత అప్పటికే దూరదేశపు వర్తకులను రప్పించేది.

హిందూపురం పుట్టుక కూడా ఆ అల్లకల్లోల కాలానిదే. గుత్తిని ఏలిన మురారిరావు ఘోర్పడే వంశానికి హిందూరావు అనే బిరుదు ఉంది. ఊరికి ఆ పేరే వచ్చిందని చెప్పుకుంటారు. పెనుకొండకు కోట ఉంది, మడకశిరకు కోట ఉంది. హిందూపురానికి చెప్పుకోదగ్గ కోట లేదు, మొదటి నుంచీ అది పేట. బహుశా అందుకే దాని బతుకు రాజుల గెలుపోటములతో ముడిపడలేదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరైన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. భూమి శిస్తు గురించి ఆ కాలాన్ని చరిత్ర పుస్తకాలు వివరంగా చెబుతాయి గానీ, సంతకు వచ్చేవాడిని ఎక్కువగా బాధించింది సాయరు, అంటే దారి సుంకం. సరుకు ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలంటే చౌకీ చౌకీకీ చెల్లించుకోవాలి. పాలెగాళ్ళ కాలం నుంచి వచ్చిన ఈ భారం కంపెనీ హయాంలోనూ కొన్ని దశాబ్దాలు కొనసాగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లోపలి సుంకాలను 1844లో ఎత్తివేశారు. సరిహద్దు సీమకు ఇది అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిన చర్య.

సుంకం పోయినా దారి మాత్రం కష్టంగానే మిగిలింది. లంబాడీలు ఎద్దుల మందలతో కోస్తా ఉప్పును ఎగువకు, ఎగువ ధాన్యాన్ని దిగువకు చేరవేసేవారు. 1876–78 కరువులో గడ్డీ నీళ్ళూ లేక ఎద్దులు చనిపోవడంతో ఆ రవాణా కుప్పకూలింది. మరోచోట ధాన్యం ఉన్నా అది ఇక్కడికి చేరే మార్గం లేక జనం లక్షల్లో చనిపోయారు. 1880 నాటి కరువు కమిషన్ రైలు దారులు వేయాలని గట్టిగా చెప్పింది. గుంతకల్లు నుంచి హిందూపురం దాకా గుంతకల్ – మైసూర్ ఫ్రాంటియర్ రైల్వే 1893లో మొదలైంది. సదరన్ మరాఠా రైల్వే దాన్ని నడిపింది. దారి అక్కణ్ణుంచి బెంగళూరుకు కలిసింది. మైసూరు రాజ్యపు పొలిమేరలో ఉన్న ఈ స్టేషను ఎగువ సీమ పంటలన్నిటికీ రేవుగా మారింది. మధుగిరి, పావగడ, మడకశిర, అగళి వైపు నుంచి బెల్లం, చింతపండు, రాగులు, ఉలవలు బండ్ల మీద దిగేవి. బట్టలు, ఉప్పు, ఇనుప సామాను బండ్లలో వెనక్కి పోయేవి. 1905లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన అనంతపురం జిల్లా గెజిటీర్‌లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ ఈ ఊరి వర్తకాన్ని నమోదు చేసేనాటికి రైలు వచ్చి పుష్కరమైంది. మీటర్ గేజి దారి బ్రాడ్ గేజిగా మారింది 1980ల మొదట్లో.

రైలుతో పాటు మండీలు వచ్చాయి. రైతు తెచ్చిన సరుకును దించుకుని, వేలం వేయించి, కమీషన్ తీసుకుని డబ్బిచ్చే దుకాణమే మండీ. దూరం నుంచి వచ్చిన రైతుకు రాత్రి పడుకునే చోటు, వంటకు పొయ్యి, అవసరానికి అప్పు అక్కడే దొరికేవి. ఈ మేలును మరిచిపోకూడదు. కానీ అప్పిచ్చినవాడే అమ్మిపెడితే ధర అడిగే ధైర్యం రైతుకు ఉండదు. తరుగు, మచ్చు, ధర్మం, హమాలీ కూలి పేర్లతో కోతలు పడేవి. పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చేవారు, అమ్మేవాడికి ఎంత, కొనేవాడికి ఎంత అన్నది ఆ గుడ్డ కిందే ఉండిపోయేది.

తూకాల గందరగోళం మరింత పెద్దది. మద్రాసు లెక్కలో నలభై పలాలు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. మైసూరు లెక్కలో మణుగు, సేరు పేర్లు ఉన్నా బరువులు వేరు. ధాన్యాన్ని తూచరు, కొలుస్తారు. ఆ పడి, సేరు కొలతలు ఊరూరికీ మారేవి. కొలత గిన్నెను అంచుకు సమంగా కొట్టి కొలవడం ఒక పద్ధతి, రాశి పోసి కొలవడం మరో పద్ధతి, రెండింటి మధ్య తేడా పేదవాడి పూట గింజలంత. 1956 చట్టంతో మెట్రిక్ విధానం వచ్చి, 1962 నాటికి కిలో బరువులు తప్పనిసరయ్యాయి. అగళి రైతు శిరాలో అమ్మినా మడకశిరలో అమ్మినా ఒకే తూకం అన్నది అప్పుడే మొదటిసారి సాధ్యమైంది. స్వాతంత్ర్యానంతరం సంతలో జరిగిన మార్పుల్లో దీనికే పెద్ద పీట వేయాలి.

కొత్తవాడికి రక్షణ అన్న ఆలోచన అన్ని దేశాల సంతలదీ. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఫ్రాన్సులోని షాంపేన్ సంతలకు పోయే వర్తకులకు అక్కడి ప్రభువులు దారిలో రక్షణ హామీ ఇచ్చేవారు. ఇంగ్లండులో సంత జరిగే చోటే ఒక కోర్టు కూర్చుని, బాటసారి వర్తకుడు ఊరు దాటిపోయేలోపే తగాదా తేల్చేది. ఇక్కడ ఆ పని మొదట పట్టణస్వామి, తర్వాత కులపెద్దలు, ఆ తర్వాత మండీ యజమాని చేశారు. ప్రభుత్వం నేరుగా చేతిలోకి తీసుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే.

పత్తి, వేరుశనగ, పొగాకు వంటి పంటల కోసం 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం తెచ్చారు. వేలం బహిరంగంగా జరగాలి, కాటా యార్డులో ఉండాలి, మార్కెట్ రుసుము కొన్న వ్యాపారే కట్టాలి. ఈ నియమాలు పూర్తిగా అమలైన చోటా లేని చోటా రైతు అనుభవం వేరువేరుగా ఉంది. అయినా ధర అందరి ముందూ పలకడం అనే ఒక్క మార్పే కొత్తవాడికి సగం బలం.

హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు పేరుపడింది. వేసవి మొదలయ్యే నెలల్లో ఆంధ్ర, కర్ణాటక పల్లెల నుంచి సరుకు వచ్చి పడుతుంది. చెట్టు మీద ఉండగానే కాపును గుత్తకు తీసుకునేవారు కొందరు. రాల్చిన కాయకు పెంకు తీసి, గింజ కొట్టేదంతా ఆడవాళ్ళ చేతి పని. యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు పలుకుతాయి, కరిపులి ధర సాధారణంగా ఫ్లవర్‌కు బాగా ఎగువన ఉంటుంది. కొనేవాడు రంగు చూస్తాడు, పీచు చూస్తాడు, చేత్తో నొక్కి తడి ఎంతుందో చూస్తాడు. నిలవ ఉన్నకొద్దీ చింతపండు నల్లబడుతుంది గనక వ్యాపారులు శీతల గిడ్డంగుల్లో పెట్టి ఏడాది పొడవునా అమ్ముతారు. గిడ్డంగి అద్దె కట్టలేని చిన్న రైతు మాత్రం ధర ఎంత తక్కువున్నా కాపు దిగిన నెలలోనే అమ్ముకోవాలి. లాభం నిలవ పెట్టగలిగినవాడికి చేరడం ఈ వ్యాపారంలోని పాత అన్యాయం, యార్డు వచ్చినా అది తీరలేదు. ఎండుమిర్చికి కూడా ఈ యార్డు పెద్ద కేంద్రమే.

పట్టుగూళ్ళ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. పట్టు పురుగు పెంపకాన్ని మైసూరు సీమలో పాదుకొల్పింది టిప్పు సుల్తాన్. అక్కణ్ణుంచి మడకశిర, అగళి, హిందూపురం వైపు మల్బరీ తోటలు విస్తరించాయి. హిందూపురం పక్కనున్న కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ కూడా ఉంది. పురుగు గూడు కట్టుకున్న ఐదారు రోజులకు చంద్రికలనే తడికల నుంచి గూళ్ళు విడదీస్తారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే పురుగు రెక్కల పురుగుగా మారి గూడును తొలుచుకుని బయటికి వస్తుంది, దారం తెగిపోయి గూడు పనికిరాకుండా పోతుంది. అందువల్ల రైతు సరుకును వెనక్కి తీసుకుపోయే ప్రశ్నే లేదు. ఏ రోజు తెస్తే ఆ రోజే అమ్మాలి. ఇంత ఇరుకులో ఉన్న రైతుకు బహిరంగ వేలం, సర్కారు కాటా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. గూళ్ళ నుంచి దారం తీసే రీలర్లు గూడును వేళ్ళ మధ్య నొక్కి గట్టిదనం చూస్తారు. కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్ళు పడతాయో అంచనా కట్టి పాట పాడతారు. అయినా ధర నచ్చనప్పుడు ఈ సీమ రైతులు గూళ్ళను రాత్రికి రాత్రే కర్ణాటకలోని రామనగరం మార్కెట్టుకు తోలడం మామూలే. సరిహద్దుకు అటొక మార్కెట్టు, ఇటొక మార్కెట్టు ఉండడం ఇక్కడి రైతుకు ఉన్న అసలైన బేరసారపు బలం.

ఆ దారం మగ్గమెక్కేది ధర్మవరంలో. బరువైన పట్టు, వెడల్పాటి జరీ అంచు, రెండు రంగుల నీడ తోచే ఒడలు ధర్మవరం చీర గుర్తులు. ఇక్కడి చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పెళ్ళి బట్టల కోసం దూరపు ఊళ్ళ నుంచి కుటుంబాలు తరలివస్తాయి. అలా కొత్తగా వచ్చినవారికి ఇక్కడి చిక్కు ధర కాదు, నేత. చేతి మగ్గం చీరా, మరమగ్గం చీరా పక్కపక్కనే అమ్ముతారు, కళ్ళకు తేడా తెలియదు. పట్టు గుర్తు, చేనేత గుర్తు చీటీలు ఉన్నది ఇందుకే. వాటిని అడిగి చూసుకోవడం కొనేవారి హక్కు, నేతగాడికి చేసే మేలు కూడా.

పెద్ద మార్కెట్లు ఎన్ని వచ్చినా పల్లె వారసంత చెదరలేదు. ఒక్కో ఊరికి ఒక్కో వారం కేటాయించడంతో అదే గాజుల మలారం, అదే కంబళ్ళ మూట, అదే కుండల బండి వారమంతా ఊళ్ళు తిరుగుతాయి. కురుబలు గొర్రెలనూ, తాము నేసిన కంబళ్ళనూ తెస్తారు. బ్రిటిషు కాలంలో లోకల్ బోర్డులు సంత స్థలాల మీద రుసుము వేయడం మొదలుపెట్టాయి. తైబజారు పేరుతో ఆ వసూలు హక్కును నేటికీ పంచాయతీలు వేలంలో గుత్తకిస్తాయి. బోణీ బేరం పోగొట్టకపోవడం, కూర తూచాక గుప్పెడు కొసరు వేయడం లాంటి ఆచారాలకు ఏ చట్టమూ లేదు. రైతే నేరుగా అమ్ముకునే రైతుబజార్లు 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. వాటి పోలిక ఈ వారసంతలోనే ఉంది.

ఇటీవలి కొత్తవారు సముద్రాల అవతలి నుంచి వచ్చారు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం పెట్టడానికి కొరియాకు చెందిన కియా సంస్థ 2017లో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. దాని వెంట విడిభాగాల కంపెనీలు, వాటి వెంట కొరియా ఇంజినీర్లు, ఉద్యోగులు వచ్చారు. 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా కొరియా లిపిలో బోర్డులు, కొరియా వంటల హోటళ్ళు వెలిశాయి. 1565 తర్వాత వచ్చిన రాజధాని పరివారం లాగే వీరూ తమ తిండికీ బసకూ కావలసిన అంగళ్ళను తమ వెంట తెచ్చుకున్నారు. మరోవైపు హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ కూలీల్లో ఉత్తరాది నుంచి వచ్చినవారున్నారు. వారికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు. కిలో తూకం, రూపాయి, ఫోనులో చెల్లింపు ఉన్నాయి గనక పని జరిగిపోతోంది.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు ఎత్తివేశారు. 1844లో దారి సుంకాల రద్దుతో మొదలైన పని అప్పటికి ముగిసింది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, పుట్టపర్తి దాని కేంద్రమైంది. కచేరీ పనులకు జనం ఇప్పుడు పుట్టపర్తికి పోతున్నారు. అగళి, మడకశిర వైపు చింతపండు బస్తాలు మాత్రం హిందూపురం యార్డులోనే దిగుతున్నాయి.